అలెన్‌టౌన్‌ల డ్రమ్ కోర్ పోటీ చూసొచ్చిన, ఆ దరువు ఇంక దిగుతలేదు. బిడ్డ ఆడిషన్‌కి పోతా అంటుంది, తెలిసినోళ్ళు చెప్పుండ్రి

జనగామ_నాన్న

అందరికి నమస్తే. మాది జనగామ దగ్గర ఊరు, ఇప్పుడు అమెరికాల న్యూజెర్సీ ఎడిసన్‌ల ఉంటున్నం. మా బిడ్డ హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌ల స్నేర్ డ్రమ్ కొడ్తది, ఈసారి పదకొండో తరగతికి వచ్చింది. వాళ్ళ బ్యాండ్ సారు ఒక్కసారన్న పెన్సిల్వేనియాల అలెన్‌టౌన్ పోయి డ్రమ్ కోర్, అంటే బూరలు డ్రమ్ములు వాయించుకుంట నడిచే పిల్లల దళం, చూడుండ్రి అన్నడంట, నెల రోజుల సంది ఇంట్ల అదే మాట, సరె అని మొన్న శనివారం 287 హైవే ఎక్కి 78 పట్టుకొని పోయినం, గంటంబావు పట్టింది.

నేను అనుకున్నది ఏందంటే ఫుట్‌బాల్ మ్యాచ్‌ల హాఫ్‌టైంకి బ్యాండ్ వస్తది కద, గట్లనే ఉంటది, కాకపోతె జర పెద్దగ. అది కానే కాదు. ఇక్కడ మ్యాచే లేదు. బ్యాండ్ కోసమే టికెట్ కొనుక్కొని వేలమంది వచ్చి కూసున్నరు. ఫ్లూట్ లేదు, క్లారినెట్ లేదు, సాక్సఫోన్ లేదు, అన్ని ఇత్తడి బూరలు, డ్రమ్ములు, జెండాలు రైఫిళ్ళు తిప్పే కలర్ గార్డ్ పిల్లలు. ఒక్కో కోర్‌ల 150 మందికి పైనే ఉన్నరు. పదకొండు పన్నెండు నిమిషాలు ఆడి దిగిపోతరు, ఇంకో కోర్ ఎక్కుతది.

కాని నేను చెప్పాల్సింది స్టేడియం లోపల ముచ్చట కంటె ముందు బయట ముచ్చట. సాయంత్రం నాలుగైతుంది, బండి పెట్టి నడుస్తున్నం, చెట్ల అవతల నుంచి టకటక వినబడ్డది, మా బిడ్డ నా చెయ్యి పట్టుకొని ఉరికింది. గడ్డి మీద తొమ్మిది మంది స్నేర్ పిల్లలు సగం చుట్టు నిలబడ్డరు, పక్కకు టెనర్లు (ఒక్కరే మోసే డ్రమ్ముల జత), బాస్ డ్రమ్ములు, ఒకాయన చేతిల లయ కొట్టే మెట్రోనోమ్. ఏం కొడ్తున్నరంటే కుడి చేత్తోని ఎనిమిది దెబ్బలు, ఎడమ చేత్తోని ఎనిమిది దెబ్బలు. అంతే. మళ్ళ కుడి ఎనిమిది, మళ్ళ ఎడమ ఎనిమిది. మా బిడ్డ చిన్నప్పుడు మొదటి వారంల నేర్చుకున్న పాఠం అది. ఇరవై నిమిషాలు అదే. తొమ్మిది పుల్లలు ఒక్క ఎత్తుకే లేస్తున్నయి, ఒక్క ఎత్తు నుంచే పడుతున్నయి, కండ్లు మూసుకొని వింటె ఒక్క మనిషే కొడ్తున్నట్టు ఉంది, తెరిస్తె తొమ్మిది మంది. చుట్టూ రెండు మూడు వందల మంది నిలబడి చూస్తున్నరు, ఒక్కరు మాట్లాడుతలేరు. నాకు గొంతు పట్టుకపోయింది, ఎందుకో ఇప్పటికి సరిగ తెలుస్తలేదు.

మా ఊర్ల బోనాలప్పుడు, పీర్ల పండుగప్పుడు డప్పులోళ్ళు ముందుగాల కాగితాలు, గడ్డి మంట పెట్టి డప్పు కాపుతుండె. తోలు బిగుసుకునే దాక కాపి, సిర్రతోని ఒక్కటి కొట్టి చెవి దగ్గర పెట్టుకొని చూసుకొని, మళ్ళ కాపుతుండె. దరువు మొదలు గాక ముందు ఆ పది నిమిషాలు మేం పిలగాండ్లం మంట చుట్టే ఉంటుంటిమి. ఇన్నేండ్లకు ఆ నిలబడుడు మళ్ళ యాదికొచ్చింది. వీళ్ళ స్నేర్ మీద తోలు కాదంట, కెవ్లార్ అంట, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లల్ల వాడే పీచు, బల్ల మీద కొట్టినట్టు గట్టిగ ఉంటదని బిడ్డ చెప్పింది. కాపే పని లేదు, ఎంత బిగించినా ఆగుతది.

లోపల మాకు ముప్పై గజాల గీత కాడ, కింద వరుసల సీట్లు దొరికినయి. మొదటి కోర్ బూరలు అటు తిప్పి చిన్నగ వాయించుకుంట పోయి, ఒక్కసారి అందరు ఇటు తిరిగిన్రు. ఆ శబ్దం చెవులకు కాదు వచ్చింది, ఛాతీకి వచ్చి తాకింది. మా ఆవిడ భుజం మీది చున్నీ పట్టుకుంది, గాలొచ్చినట్టె. తర్వాత ఇంకో కోర్‌ల, మంచి జోరు మీద ఉన్నోళ్ళు ఒక్కసారి అంతా ఆపేసిన్రు, 150 మంది, ఏం సప్పుడు లేదు, బూట్లు నేల మీద పడే సప్పుడు తప్ప, ఆ బూట్లు కూడ ఒక్క లెక్కల. అప్పుడె ఒక గార్డ్ పిల్ల రైఫిల్ పైకి ఎగరేసింది, పట్టుకోలేకపోయింది, కింద పడ్డది. ఆ పిల్ల ముఖం మారలే, వంగి తీసుకొని తర్వాతి లెక్కకు తన జాగల ఉంది. మా పక్కన కూసున్న ముసలాయన ఆ పిల్ల కోసమే లేచి నిలబడి చప్పట్లు కొట్టిండు.

ఇప్పుడు అడగాల్సినయి. ఒకటి, దీన్ని ఎట్ల చూడాలె? నా కండ్లు ఎటు పోవాల్నో తెలువలే, ఒక దిక్కు చూస్తె ఇంకో దిక్కు ఏదో అయిపోతుంది. రెండు, మార్కులు ఎట్ల వేస్తరు? మూడు, పెద్దది ఇదే, బిడ్డ ఈ చలికాలం ఆడిషన్ ఇస్తా అంటుంది. ఎండాకాలం అంతా బస్సులల్ల తిరుగుడు, జిమ్ముల నేల మీద పండుడు అని విన్నం. మన పిల్లలను పంపిచ్చినోళ్ళు ఎవరన్న ఉంటె ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి.

బొబ్బిలి_తప్పెట

అన్నా, మీరు బయట పార్కింగ్ లాట్‌లో ఇరవై నిమిషాలు నిలబడి ఎనిమిదేసి దెబ్బలు విన్నారంటే చూడడం మీకు వచ్చేసినట్టే, సగం మంది పాత అభిమానులు లోపల షో కంటే ఆ వార్మప్ కోసమే వస్తారు.

నేను 2011 నుంచి చూస్తున్నాను, ఒహైయోలో ఉంటాం, ఇండియానాపొలిస్ దగ్గరే కాబట్టి లూకాస్ ఆయిల్ స్టేడియంలో ఫైనల్స్‌కి చాలాసార్లు వెళ్ళాం. మాది విజయనగరం జిల్లా. చిన్నప్పుడు మా వైపు తప్పెటగుళ్ళు చూసే ఉంటారు మీరెవరైనా, ఛాతీ మీద తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు, నోటితో పాట, చేతులతో దరువు, కాళ్ళతో అడుగు, అన్నీ ఒకే మనిషి, అన్నీ ఒకేసారి, పైగా వరస తప్పకూడదు. నాకు డ్రమ్ కోర్ మొదటిసారి చూసినప్పుడు అదే గుర్తొచ్చింది, వాయించడం ఒక పని నడవడం ఒక పని కాదు, రెండూ కలిపి ఒకటే పని. టెనర్ డ్రమ్ములు మోసే పిల్లలయితే పదిహేను కేజీల దాకా భుజాల మీద పెట్టుకుని పక్కకి పరిగెడుతూ వాయిస్తారు.

ఎలా చూడాలంటే, కింద కూర్చుంటే శబ్దం, పైన కూర్చుంటే బొమ్మ. రెండూ ఒకే టికెట్‌లో రావు. ఈసారి యాభై గజాల గీతకి దగ్గరగా, వీలైనంత పైకి తీసుకోండి, అప్పుడు ఆకారాలు ఎలా విడిపోయి ఎలా కలుస్తున్నాయో కనబడుతుంది. ఎనిమిది అంగలకి అయిదు గజాలు, అది వాళ్ళ లెక్క, అంటే ఒక్కో అంగ ఇరవై రెండున్నర అంగుళాలు, ప్రతి పిల్లకీ పిల్లాడికీ ప్రతి సెట్‌కి, అంటే ప్రతి ఆకారానికి, ఎక్కడ నిలబడాలో కాగితం ఉంటుంది, దాన్ని డాట్ అంటారు. నేను చేసేదేంటంటే ఒక్కో షోలో ఒక్క మనిషిని పట్టుకుంటాను, భుజం మీద ట్యూబా అనే పెద్ద బూర మోసే ఒక అమ్మాయినో అబ్బాయినో, మొదటి నుంచి చివరి దాకా ఆ ఒక్క మనిషి వెనకే నా కళ్ళు. వాళ్ళు ఎంత దూరం తిరిగారో, ఎప్పుడు ఊపిరి పీల్చుకున్నారో చూస్తే మిగతా నూట యాభై మంది కూడా అర్థమవుతారు.

మార్కులు మొత్తం 100. జనరల్ ఎఫెక్ట్‌కి, అంటే షో మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 40, విజువల్‌కి 30, మ్యూజిక్‌కి 30. మొదట్లో పద్ధతి వేరు, తప్పు కనబడ్డప్పుడల్లా గీత గీసి తగ్గించేవారు, దాన్ని టిక్ సిస్టమ్ అనేవారు, 1984 నుంచి అది పోయి, చేసిన దానికి వేసే పద్ధతి వచ్చింది. తేడాలు ఎంత సన్నగా ఉంటాయంటే 2008 ఫైనల్స్‌లో ఫాంటమ్ రెజిమెంట్ 98.125, బ్లూ డెవిల్స్ 98.100, ఆ 0.025 తేడాకే టైటిల్ మారిపోయింది. బ్లూ డెవిల్స్ అంటే కాలిఫోర్నియా కాంకర్డ్ వాళ్ళు, అందరికంటే ఎక్కువ టైటిళ్ళు వాళ్ళవే, 2014లో 99.65 తెచ్చుకున్నారు, అంతకు మించి ఇప్పటిదాకా ఎవరికీ రాలేదు. నాకు మాత్రం మనసులో నిలిచింది 2025. బోస్టన్ క్రూసేడర్స్ 1940లో పుట్టిన కోర్, 1972లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ మొదలైనప్పటి నుంచి ఉన్నవాళ్ళు, ఒక్కసారి కూడా మొదటి స్థానం రాలేదు, 2025 ఆగస్టులో వచ్చింది. ఎనభై అయిదేళ్ళు. ఆ యూనిఫాం వేసుకుని ముసలివాళ్ళయిపోయినవాళ్ళు ఎంతమంది ఉంటారో ఆలోచించండి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మృదంగం_చెన్నై

నేను దీన్ని నేరుగా చూడలేదు, వీడియోలే. కానీ పదిహేనేళ్ళుగా మృదంగం వాయిస్తున్నాను, లయ గురించి ఒక మాట చెప్పాలనిపించింది, ఎందుకంటే జనగామ నాన్నగారు "ఒక్క మనిషే కొడ్తున్నట్టు ఉంది" అన్నది చిన్న విషయం కాదు.

కచేరీలో మేం ఆరడుగుల దూరంలో కూర్చుంటాం, అయినా కళ్ళు కళ్ళు చూసుకుంటూనే ఉంటాం. ఫుట్‌బాల్ మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి 300 అడుగులు. శబ్దం సెకనుకి దాదాపు 1100 అడుగులు పోతుంది. అంటే ఈ చివర కొట్టిన దెబ్బ ఆ చివర వాడికి పావు సెకను దాటాక చేరుతుంది. నిమిషానికి 180 దెబ్బల వేగంలో ఒక్క దెబ్బకి దెబ్బకి మధ్య ఉండేదే సెకనులో మూడో వంతు. అంటే చెవిని నమ్ముకుని వాయిస్తే దాదాపు ఒక అక్షరం, అంటే తాళంలో ఒక దెబ్బ, వెనకబడిపోతాడు, అవతల వాడు వీడిని విని ఇంకా వెనకబడతాడు, కాసేపట్లో మొత్తం కుప్పకూలుతుంది. ఇది ఎంత భయంకరమైన సమస్యో తాళం వేసే ఎవరికైనా తెలుస్తుంది.

వాళ్ళు దీన్ని దాటే పద్ధతి నాకు చాలా అందంగా అనిపించింది. డ్రమ్ లైన్ సాధారణంగా మైదానం మధ్యలో వెనక వైపు ఉంటుంది, లయకి అది కేంద్రం. ముందున్నవాళ్ళంతా పక్కవాళ్ళని కాకుండా వెనక నుంచి వచ్చే శబ్దాన్ని వింటారు, అది తమ దాకా వచ్చిన క్షణంలో తాము వాయించి దానితో కలుస్తారు, ఆ అల అలాగే ముందుకి పోతూ పోతూ అందరినీ కలుపుకుని ప్రేక్షకుల దగ్గరకి ఒకేసారి చేరుతుంది. మైదానం ముందు అంచున ఉండే మరింబాలు, వైబ్రాఫోన్లు (పుల్లలతో కొట్టే పలకల వాయిద్యాలు) వాయించే పిల్లలయితే వెనక్కి తిరగకుండానే వెనక్కి వినాలి. డ్రమ్ లైన్ కంటే వెనక ఉన్నవాళ్ళకి ఇది పనికిరాదు, వాళ్ళు చెవి మూసుకుని, ముందు నిలబడి లయ చూపించే డ్రమ్ మేజర్ చేతులు చూస్తూ, తమకి వినబడే దానికంటే ముందే వాయించాలి. తప్పుగా వినబడుతున్నా అదే సరైనదని నమ్మి వాయించడం. పద్దెనిమిదేళ్ళ పిల్లలకి అది నేర్పుతున్నారు!

మీరు లాట్‌లో విన్న ఆ ఎనిమిదేసి దెబ్బలు దీని కోసమే. మా గురువుగారు మొదటి ఏడాది తకధిమి తప్ప ఇంకేదీ వాయించనివ్వలేదు.

ఫ్రిస్కో_అమ్మ

అన్నయ్య గారూ, మీ మూడో ప్రశ్నకి నేను చెప్తాను, మా అబ్బాయి రెండు సమ్మర్లు వెళ్ళాడు, మెల్లోఫోన్ అనే ఇత్తడి బూర వాయించాడు. మాది గుంటూరు, ఇక్కడ టెక్సాస్‌లో మార్చింగ్ బ్యాండ్ అంటే ఊపిరి కాబట్టి వాడికి అలా అంటుకుంది.

ముందు డబ్బు సంగతి. ఫీజు వేలల్లోనే, మాకు ఒక్కో సమ్మర్‌కి అయిదు వేల డాలర్లు దాటింది, దానికి తోడు నెలనెలా క్యాంపులకి వెళ్ళొచ్చే ఫ్లైట్లు, బూట్లు, అవీ ఇవీ. ఆడిషన్లు నవంబర్, డిసెంబర్‌లలో మొదలవుతాయి, చాలా కోర్‌లు ముందు వీడియో కూడా తీసుకుంటాయి. ఎంపికైతే చలికాలం అంతా వీకెండ్ క్యాంపులు, మే నెలాఖరుకి పూర్తిగా వెళ్ళిపోతారు, నెల రోజులు ఒకచోట ఉండి షో నేర్చుకుంటారు, జూన్ చివర్లో టూర్ మొదలు, ఆగస్టు రెండో వారంలో ఇండియానాపొలిస్ ఫైనల్స్‌తో అయిపోతుంది. 22 ఏళ్ళు నిండితే ఇక ఈ కోర్‌లలోకి వెళ్ళడానికి లేదు, దాన్ని ఏజ్ అవుట్ అంటారు, మీ పాపకి ఇంకా టైం ఉంది కాబట్టి ఈ ఏడాదే కావాలని కంగారు పడక్కర్లేదు.

రోజు ఎలా ఉంటుందో చెప్తా. రాత్రి షో అయ్యాక బస్సెక్కి నిద్ర, తెల్లవారుజామున ఏదో ఊళ్ళో హైస్కూల్ జిమ్‌లో దిగి గాలి పరుపు వేసుకుని మళ్ళీ కాసేపు నిద్ర, లేచి టిఫిన్, ఎండలో నడక ప్రాక్టీసు, మధ్యాహ్నం ఎవరి వాయిద్యం వాళ్ళది, తర్వాత అందరూ కలిసి, సాయంత్రం యూనిఫాం వేసుకుని షో. షో లేని రోజున పది పన్నెండు గంటలు మైదానంలోనే. పెద్ద నీళ్ళ జగ్గు ఒకటి చేతిలోనే ఉంటుంది, అది లేకుండా మైదానంలోకి రానివ్వరు.

తిండి గురించి నాకు చాలా భయంగా ఉండేది, మావాడు గుడ్డు కూడా తినడు. అందుకే మొదటి ఏడాది నేనే ఒక వారం సెలవు పెట్టి వాళ్ళ వంట ట్రక్కులో వాలంటీర్‌గా వెళ్ళాను. ఒక పెద్ద ట్రక్కునే వంటిల్లు చేసేశారు, రోజుకి నాలుగు పూటలు, పిల్లలూ టీచర్లూ కలిపి రెండు వందల మందికి దగ్గర దగ్గరగా. వెజిటేరియన్ పిల్లలకి వేరే వరస ఉంది. ఒకరోజు నేను పెద్ద గంగాళంలో పప్పు, అన్నం చేశాను, మావాడొక్కడి కోసం అనుకున్నాను, ట్రంపెట్ పిల్లలు రెండోసారి కూడా వచ్చి పెట్టించుకున్నారు. ఆ వారం రోజులే నాకు ధైర్యం ఇచ్చాయి, మీకూ అదే చెప్తాను, పాప సెలెక్ట్ అయితే మీ ఇద్దరిలో ఒకరు వెళ్ళి ఉల్లిపాయలు తరగండి, వాళ్ళని పెద్దవాళ్ళు ఎలా చూసుకుంటున్నారో మీ కళ్ళతో తెలుస్తుంది.

ఇంకొకటి, ఇంటర్న్‌షిప్ పోతుంది, రెస్యూమెకి ఏం లాభం అని మా చుట్టాలందరూ అడిగారు. నేను జవాబు చెప్పడం మానేశాను. వాడు రెండో ఏడాది తిరిగొచ్చాక పొద్దున్నే లేచి తన పక్క తనే సర్దుకుని, వాళ్ళ నాన్న భుజం నొప్పి అంటే ఎలా స్ట్రెచ్ చెయ్యాలో నేర్పించాడు.

చెవులు మాత్రం జాగ్రత్త. స్నేర్ పిల్లలకి ఇయర్ ప్లగ్స్ తప్పనిసరి, ఇప్పుడు స్కూల్ బ్యాండ్‌లోనే పెట్టుకోవడం అలవాటు చెయ్యండి, తర్వాత బాధపడి లాభం లేదు.

ప్లానో_శ్రీను

అక్క చెప్పినవన్నీ నిజమే, రెండోవైపు కూడా రాస్తున్నా, ఎవరూ రాయకపోతే బాగోదు. మావాడు వరసగా రెండేళ్ళు ఆడిషన్ ఇచ్చాడు, తీసుకోలేదు. స్నేర్‌కి ఉండేది ఎనిమిది, తొమ్మిది, మహా అయితే పది చోట్లు, అందులో పాతవాళ్ళు తిరిగొస్తే మిగిలేవి రెండో మూడో, వాటికి దేశమంతా నుంచి, జపాన్ నుంచి కూడా పిల్లలు వస్తారు. మొదటి ఏడాది కాదన్న రోజు వాడు కార్‌లో ఇంటిదాకా మాట్లాడలేదు. అదే క్యాంపులో వాళ్ళు ఇచ్చిన ఎక్సర్సైజ్ ప్యాకెట్ మాత్రం ఏడాదంతా వాయించాడు, కాబట్టి ఆడిషన్ క్యాంప్‌కి పెట్టిన డబ్బుని ఒక వీకెండ్ క్లాస్ ఫీజు అనుకుని పంపండి, ఎంపిక మీదే ఆశ పెట్టుకుని కాదు.

ఇంకో దారి ఉంది, ఇండోర్ పెర్కషన్. చలికాలంలో బాస్కెట్‌బాల్ కోర్టుల్లో జరుగుతుంది, డబ్ల్యూజీఐ అనే సంస్థ నడుపుతుంది, ఏప్రిల్‌లో ఒహైయో డేటన్‌లో పెద్ద పోటీలు. ఇంట్లోంచే వెళ్ళి రావొచ్చు, ఖర్చు బాగా తక్కువ, డ్రమ్మర్లకి మంచి పదును. మావాడు చివరికి అందులో చేరాడు, ఇప్పుడు జూనియర్లకి వాడే నేర్పుతున్నాడు. సమ్మర్ కోర్‌లలో కూడా ఓపెన్ క్లాస్ అనే విభాగం ఉంది, టూర్ చిన్నది, అది కూడా చూడండి.

ఒక ఫిర్యాదు ఉంది నాకు. 2004లో మైకులు, 2009లో సింథసైజర్లు వచ్చాయి. మైకుల వల్ల మరింబా సన్నటి స్వరం కూడా పైవరస దాకా వినబడుతుంది, అది మంచిదే, కానీ కొన్ని షోలలో స్పీకర్ బాస్ అంత గట్టిగా పెట్టేస్తున్నారు, అరవై డెబ్భై మంది పిల్లలు ఊపిరితిత్తులు పెట్టి ఊదిన శబ్దం దాని కింద మునిగిపోతోంది. ముఖ్యంగా పైకప్పు ఉన్న స్టేడియంలలో. మీరు అలెన్‌టౌన్‌లో ఆరుబయట విన్నారు, అదృష్టవంతులు, అక్కడ బూర శబ్దం బూర శబ్దంలానే ఉంటుంది.

జనగామ_నాన్న

అందరికి చాన థాంక్స్, రాత్రి కూసొని బిడ్డకు మా ఆవిడకు మొత్తం చదివి వినిపించిన. చెన్నై తమ్ముడు రాసిన పావు సెకను లెక్క మా బిడ్డ నోట్‌బుక్‌ల రాసుకుంది, వాళ్ళ డ్రమ్ లైన్‌కి చూపిస్తదంట. బొబ్బిలి అన్న తప్పెటగుళ్ళు అన్నది నాకు తెల్వది, వీడియో పెట్టి చూసినం, ముగ్గురం రెండుసార్లు చూసినం.

శ్రీను భాయ్ చెప్పినట్టు డిసెంబర్‌ల ఒక ఆడిషన్ క్యాంప్‌కి పేరు రాపిచ్చినం, ఎంపిక గురించి ఇంట్ల మాట్లాడొద్దని మాట అనుకున్నం, అటు ఇండోర్ లైన్ కూడ దగ్గర్ల ఏదుందో చూస్తున్నం. ఇయర్ ప్లగ్స్ నిన్ననే ఆర్డర్ పెట్టిన. అక్కా, ఒక్కటె అడుగుత, వచ్చే ఏడు మల్ల అలెన్‌టౌన్ పోతం, మా అమ్మ ఊరి నుంచి వస్తది అప్పటికి, డెబ్బై రెండేండ్లు, మోకాళ్ళ నొప్పి. ఆమెను తీసుకపోవచ్చునా? ఆ స్నేర్ పిల్లలను ఆమెకు చూపియ్యాలని ఉంది.

ఫ్రిస్కో_అమ్మ

తప్పకుండా తీసుకెళ్ళండి అన్నయ్యా. అక్కడ మెట్లు కాంక్రీటువి, వీపు ఆనుకోడానికి ఉండదు, కాబట్టి వీపు ఉన్న స్టేడియం కుర్చీ దొరుకుతుంది, అది కొనండి, మెత్త కూడా ఒకటి. షో నడుస్తుండగా మెట్ల మీద కదలనివ్వరు, ఒక కోర్ దిగి ఇంకో కోర్ ఎక్కే మధ్యలోనే లేవాలి, అది అమ్మగారికి ముందే చెప్పండి. కింద వరస తీసుకోండి, ఎక్కే పని తప్పుతుంది. ఆవిడ చెవులకీ ప్లగ్స్ పెట్టండి. లాట్‌కి మాత్రం మడత కుర్చీ వేసుకుని నాలుగింటికే వెళ్ళిపోండి, మొదటి వరసలో కూర్చోబెట్టండి, పెద్దవాళ్ళు వస్తే జనం వాళ్ళే జరిగి చోటిస్తారు.